పొంతన ఎవరి కంటికి?

పేరున్న సంస్థ కొత్త రకం సరుకు తెచ్చి దెబ్బతింటే మార్కెటింగ్ పండితులు ఒకే కారణం చెబుతారు: పాత సరుకుకూ కొత్తదానికీ పొంతన కుదరలేదని. 1990లో ఆకర్, కెల్లర్‌ల పరిశోధన వచ్చినప్పటి నుంచి ఈ రంగానికి అదే మంత్రం. అందులో నిజం లేకపోలేదు. 1989లో బిక్ సంస్థ లైటర్‌ను తలపించే సీసాలో పరిమళం అమ్మబోయి నష్టపోయింది. చవక పెన్నుల పేరును ఒంటికి పూసుకోవడానికి జనం ఇష్టపడలేదు. అయితే పొంతన రెండు వస్తువుల మధ్య ఉంటుందన్న నమ్మకం తప్పు. అది కొనే మనిషి తలలో ఉంటుంది.

యమహా మోటార్‌సైకిల్ ట్యాంకు మీది గుర్తును దగ్గరగా చూడండి. అవి మూడు శ్రుతిదండాలు (ట్యూనింగ్ ఫోర్కులు). 1887లో రీడ్ ఆర్గాన్‌తో మొదలై, పియానోలు చేసి, 1955లో మోటార్‌సైకిళ్లకు ఎక్కిన పేరది. లక్షణాలను విడదీసి తూచేవారికి పియానో తీగకూ ఇంజిన్‌కూ ఏ చుట్టరికమూ కనబడదు. మొత్తాన్ని కలిపి చూసేవారికి రెండింటి వెనుకా ఉన్నది ఒకే పనితనం. వస్తువు మారలేదు, చూపు మారింది.

ఇది నా ఊహ కాదు. అమెరికన్లనూ భారతీయులనూ పోల్చి మోంగా, జాన్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, పాత పేరుతో దానికి దూరమైన రకం సరుకు తెచ్చినా భారతీయులకు ఎక్కువ పొంతన కనిపించింది. తేడాకు మూలం ఆలోచనా తీరేనని వారు తేల్చారు. కొత్తదాన్ని ముందుగా అందుకునే స్వభావం ఉన్నవారిని పొంతన లేకపోవడం పెద్దగా ఆపదని 2001లో క్లింక్, స్మిత్ చూపించారు. ఇక ఆ పేరున్న సరుకు ఇప్పటికే కొనుక్కున్నవారి సంగతి వేరు. 2002లో పోర్షే సంస్థ కయెన్ అనే ఎస్‌యూవీ తెచ్చినప్పుడు అందరికన్నా మండిపడింది ఆ సంస్థ స్పోర్ట్స్ కార్ల వీరాభిమానులే. ఆ కోపం ఇంజనీరింగ్ గురించి కాదు, తమ గుర్తింపు పలచబడుతోందన్న బాధ.

ప్రతి మనిషి మనస్తత్వానికీ తగ్గట్టు సరుకు చేయలేం కదా అంటారు. చేయమని ఎవరూ అడగడం లేదు. ఎవరికి ఏ మాట చెప్పాలో తెలుసుకోమన్నదే వాదన.

అసలు జబ్బు సగటు. కొత్త సరుకుకు జనం వేసిన మార్కుల సగటు పదికి ఐదు వచ్చిందంటే అందరూ ఐదే వేశారని అర్థం కాదు. సగం మంది తొమ్మిది, సగం మంది ఒకటి వేసినా సగటు అయిదే. పాఠ్యాంశాలనూ ప్రభుత్వ పథకాలనూ మనం ఇలాగే లేని మనిషి కోసం రాస్తున్నాం. కొత్త సరుకును అటకెక్కించే ముందు ఆ తొమ్మిది వేసినవారెవరో ఒక్కసారైనా అడగాలి. సర్వే ఫారంలో వయసుకు ఒక గడి, ఆదాయానికి ఒక గడి ఉంటాయి. ఎలా ఆలోచిస్తారన్నదానికి మాత్రం గడి ఉండదు.