ఎడమకి తిరిగితే మరిగే ఇంజిను

నిన్న సాయంత్రం సంగతి. చేతివేళ్ళకి ఇన్సులేషన్ టేపు జిగురు ఇంకా వదల్లేదు. మా ఆవిడ నవ్వూ ఇంకా ఆగలేదు.

కారుతో వచ్చిన టెంపరేచర్ ముల్లు పచ్చి అబద్ధాలకోరని మా బావమరిది ఎన్నాళ్ళుగానో చెవిలో పోరుతున్నాడు. ఇంజిన్ నీళ్ళు 80 డిగ్రీలున్నా 100 ఉన్నా అది నడిమధ్యలో కదలకుండా కూర్చుంటుందట, నడిపేవాళ్ళు కంగారు పడకూడదని కావాలనే అలా చేస్తారట. చాలా కార్లలో అది నిజమే. "అసలు సంగతి తెలియాలంటే బయటి మీటర్ పెట్టుకోవాలి బావా. పావుగంట పని" అన్నాడు. పని రోజున మాత్రం మనిషి పత్తా లేడు.

52 మిల్లీమీటర్ల గుండ్రటి మీటర్ వచ్చింది. దాంతోపాటు అరచేతిలో ఇమిడే కాగితం ఒకటి. ఎర్ర వైరు ఇగ్నిషన్‌కి, నల్లది బండి ఇనుముకి, అంటే ఎర్త్‌కి, తెల్లది లైట్లకి "తగిన చోట" కలుపుకోవాలట. ఉత్తరం మీద చిరునామాకి బదులు "తగిన ఇంటికి" అని రాసి పోస్టులో వేసినట్టుంది. ఆ తగిన చోటేదో రాసినవాడికి తెలిస్తే చెప్పడానికేం రోగం?

అద్దం పక్క పిల్లర్ మీద పెడితే భలే ఉంటుందనుకున్నాను. కానీ దాని లోపల ఎయిర్‌బ్యాగ్ ఉంది. ఖర్మకాలి అది పేలితే ముందు మీటరొచ్చి మొహానికి తగులుతుంది. అందుకని డ్యాష్‌బోర్డు మీదే, స్టీరింగ్ పక్కన బిగించాను. మూడు గంటలు పట్టింది. రెండు క్లిప్పులు విరిగాయి, ఒక స్క్రూ మిగిలింది. ఇక దాని గురించి అడక్కండి.

మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. ముల్లు నెమ్మదిగా పాకి 90 దగ్గర ఆగింది. దాన్ని ఆవిడకి రెండుసార్లు చూపించాను.

"ముందే ఒకటుందిగా, ఇంకోటెందుకండీ?"

"అది అబద్ధం, ఇది నిజం" అన్నాను. ఈ మాట మీరు మర్చిపోయినా ఫర్వాలేదు, ఆవిడ మర్చిపోదు.

మొదటి మలుపొచ్చింది. ఎడమ ఇండికేటర్ వేశాను. ముల్లు 90 నుంచి ఒక్క ఎగురు ఎగిరి 120 మీద వాలింది. వెంటనే కిందికి పడింది. మళ్ళీ ఎగిరింది. నా గుండె కూడా దాంతోపాటే. మలుపు తిరిగి ఇండికేటర్ ఆగాక బుద్ధిమంతుడిలా 90కి వచ్చేసింది. హమ్మయ్య అనుకునేలోపు ఇంకో ఎడమ మలుపు, మళ్ళీ అదే చిందులు.

నీళ్ళు అర సెకనులో 30 డిగ్రీలు వేడెక్కి, ఇంకో అర సెకనులో చల్లారవని పొయ్యి మీద గిన్నె పెట్టిన ఎవరికైనా తెలుసు. టెన్షన్‌లో ఉన్నవాడికి తెలీదు. కంపెనీ ముల్లు పక్కనే ప్రశాంతంగా మధ్యలో కూర్చునుంది, కానీ దాని మాట నమ్మితే నా పరువేం కావాలి? ఇంజిన్ మరిగిపోతుంటే హీటర్ ఫుల్లుగా పెట్టాలి, ఆ వేడిని కాస్త లాగేస్తుంది అని ఎప్పుడో చదివాను. పెట్టాను. ఇంజిన్ సంగతి తెలీదు గానీ మేమిద్దరం ఉడికాం.

ఇక లాభం లేదని పక్కకి ఆపి, వెనక వచ్చేవాళ్ళు గుద్దకుండా నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేశాను. ముల్లు మళ్ళీ ఎగరడం మొదలుపెట్టింది. ఇంజిన్ ఆపేశాను, తాళం మాత్రం పూర్తిగా తిప్పలేదు. ముల్లు ఎగురుతూనే ఉంది. ఆపిన ఇంజిన్ కూడా మరుగుతోంది! బండి దిగి బానెట్ ఎత్తి, రేడియేటర్ మూత వేడిగా ఉన్నప్పుడు తియ్యకూడదు కాబట్టి దాన్నే తదేకంగా చూస్తూ నిలబడ్డాను. ఆవిరి లేదు, చుక్క నీరు కారలేదు. దారినపోయే ఇద్దరు కూడా వచ్చి నాతోపాటు చూశారు.

"ఇలా రండి" అని లోపల్నించి పిలిచింది. ఇండికేటర్ల బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చునుంది. నొక్కింది, 120. మళ్ళీ నొక్కింది, 90. కాసేపు వాయిద్యం వాయించినట్టు వాయించి, "ఇంతకీ వీటిలో నిజం ఏదండీ?" అంది. ఆ ఇద్దరూ విన్నారు.

జరిగిందేమిటంటే, తెల్ల వైరుకి నేను వెతికి పట్టుకున్న తగిన చోటు ఎడమ ఇండికేటర్ వైరు. నల్ల వైరు బిగించింది పెయింటు వేసిన బోల్టుకి. పెయింటులోంచి కరెంటు సరిగ్గా పోదు. ఎర్త్ అరకొరగా ఉంటే మీటర్‌లో బల్బు వెలిగినప్పుడల్లా ముల్లుకి పూనకం వస్తుంది.

బావమరిదికి అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"పెయింటు గీకలేదా బావా? అది అందరికీ తెలిసిందేగా!"

"అందరికీ తెలిస్తే ఆ కాగితంలో ఎందుకు రాయలేదయ్యా?"

"సర్లే, విప్పి మళ్ళీ బిగించు. పావుగంట పని."

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఒక్కో ఎడమ మలుపుకీ బదులు మూడేసి కుడి మలుపులు తిరిగాను. మా ఆవిడ లెక్కపెట్టింది. మొత్తం పన్నెండు.