ఆలస్యంగా వచ్చే అనుమానం గారికి

అనుమానం గారూ, నమస్కారం.

నేను చిత్తూరు జిల్లాలో ఒక మండలాఫీసు ఉద్యోగిని. మీరు వచ్చాక, పూడ్చిన శవాన్ని మళ్లీ తవ్వి తీయించే పని మాది. మనిషి పోయిన రోజు మీరు రారు. ఒంటి మీద కమిలిన మచ్చ కనిపించినా, "ఎండెక్కేలోపు కానిచ్చేయండి" అంటూ అందరితోపాటు పలక డప్పుల వెనక నడుస్తారు. దినాలు ముగిసి, మామిడితోట పాసుబుక్కు ఎవరి పేరు మీదికి మార్చాలన్న మాట వచ్చాక మాత్రం "ఆ చావులో ఏదో ఉంది" అని స్టేషన్ మెట్లెక్కుతారు.

రండి, కాదనం. చట్టం మీకు గడువేమీ పెట్టలేదు. అయితే ఎస్సై గారు చెప్పగానే పార పట్టడం కుదరదు, మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. మా దగ్గర చాలాసార్లు ఆయన తహసీల్దారు గారే. అప్పట్లో నేర విచారణ చట్టం సీఆర్పీసీలో 176వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 196. సెక్షన్ కొత్తది, పార పాతదే. వీలైనంతవరకు బంధువులకు కబురు పెట్టాలి. "మా నాయన గొయ్యి, మేమే తవ్వుకుంటాం" అని రాత్రిపూట బయల్దేరి, ఎవరి మనసైనా నొచ్చుకుంటుందని తెలిసీ తవ్వారో, కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్ 301 కింద ఏడాది దాకా జైలు పడొచ్చు. పంపకాల్లో ఉన్న అన్నదమ్ముల్లో మనసు నొచ్చనివాడు ఎవడండీ?

తెల్లారేసరికి తహసీల్దారు, పోలీసులు, డాక్టరు, వీడియో తీసే అబ్బాయి, అందరం చేరతాం. అసలు గండం గొయ్యి ఏదో తేల్చడం. రాయి నాటరు, వానకు దిబ్బ కుంగిపోతుంది. పెద్దోడు చింతచెట్టు వైపు చూపిస్తే చిన్నోడు కాలువ వైపు చూపిస్తాడు. చివరికి గొయ్యి తీసినాయన్నే పిలిపిస్తాం. ఆ తర్వాత డాక్టరు గారు శవం పైన, కింద, పక్కల మట్టిని విడివిడిగా తీయిస్తారు. విషం ఒంట్లోదా, నేలలోంచి దిగిందా అని చూడాలి కదా. మీరేమో గట్టు మీద, ముక్కుకు కండువా చుట్టుకొని.

ఆర్సెనిక్ అయితే వెంట్రుకల్లో, గోళ్లలో, ఎముకల్లో మీ కోసం ఏళ్ల తరబడి కాచుకుని ఉంటుంది. గొంతు మీది వేలిగుర్తులకు అంత ఓపిక లేదు, చర్మంతోపాటే పోతాయి. ఇక శవాన్ని కాల్చేసిన వాళ్ల ఇళ్లకు మీరు వెళ్లినా మాకు పని ఉండదు.

ఈసారి శవం ఇంట్లో ఉండగానే రండి. స్టేషన్లో ఒక కాగితం ఇస్తే పోస్టుమార్టం ఆసుపత్రిలోనే జరుగుతుంది. అలా కాదంటారా, కనీసం గొయ్యి పూడ్చేదాకా ఉండండి. పోయినసారి తవ్వడానికి ఊరంతా వచ్చింది, పూడ్చింది మాత్రం నేనూ, మా డ్రైవరూ.