కొర్రమట్టలకు మధ్యాహ్న భోజన పథకం

మా నల్లగొండ చెరువుల్ల కొర్రమట్టలు చిక్కిపోతున్నయని సర్కారుకు ఎవరు చెప్పిన్రో గానీ, 2016-17ల ఉచిత చేప పిల్లలని మొదలువెట్టిన కాడికెల్లి వాటికి రేషన్‌కు కొదువ లేదు. కాయితాల మీద బొచ్చె, రవ్వ, బంగారు తీగ పెంచి మత్స్యకారుల బతుకులు మారుస్తమని ఉంటది, మారేది ఆ పిల్లలను మింగే కొర్రమట్ట సైజు. రాష్ట్ర చేప అదే గదా, ప్రోటోకాల్ ప్రకారం ముందు దానికే వడ్డించాలె.

మెనూ సుత పద్ధతిగ ఉంటది. ఊరి చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్ల, అంటే ముల్లు గుచ్చుకోకుండ ఒక్క బుక్క. ఉదయసముద్రం, డిండి అసొంటి పెద్దవాటికి 80-100ది, ఆడ వాలుగలుంటయి, వాటి నోరు పెద్దది.

ఇగ వడ్డించే కార్యక్రమం సూడాలె. పొద్దుగాలనే కట్ట మీదికి చేప పిల్లల డీసీఎం వ్యాను వస్తది, సారు మాత్రం పదకొండున్నరకు వస్తడు, టెంటు సారుకు, ఎండ పిల్లలకు. కవరును కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి, లోపలి నీళ్లు చెరువు నీళ్లంత సల్లవడ్డంక ఇడవాలెనని ట్రైనింగుల చెప్పేది ఈ మత్స్యశాఖోళ్లే, కానీ ఫోటోగ్రాఫర్ "సార్ కవర్ జర పైకి" అంటడు, సారు నవ్వుతడు, పిల్లలు ఎల్లెలకల తేలుతయి, "క్లియర్ రాలే సార్, ఇంకోటి" అంటడు, ఇంకో కవరు, ఇంకో నవ్వు, ఒడ్డుకు కొంగలు లైన్ల నిలవడి ఉంటయి, వాటికి శాలువ ఒక్కటే తక్కువ. లెక్కనా? ఒక్క మగ్గుల ఎన్నున్నయో సూసి, మిగిలినయి గుణించుడే.

జూలై, ఆగస్టుల ఇడవాల్సిన పిల్ల వానలన్నీ అయిపోయినంక తెస్తే అదెప్పుడు పెరగాలె? ఎండకాలం చెరువు ఎండుతది. బొచ్చె చస్తది, కొర్రమట్ట బురదల దూరి గాలి పీల్చుకుంట బతుకుతది, దానికెందుకయ్యా మీ సాయం? పిల్లలు రాకున్నా వచ్చినయని సంతకం మత్స్యకారుల సొసైటోళ్లతోని పెట్టించుకుంటరు, వలల పావుకిలో చేపలు పడ్డనాడు "ఫ్రీగ ఇచ్చినం గదా" అని వాళ్లనే అంటరు. సిగ్గుండాలె. పైసలు మా ఖాతాల ఏయున్రి, మంచి చేప పిల్లను మేమే టైముకు తెచ్చుకుంటమని వాళ్లు మొత్తుకుంటనే ఉన్నరు. ఖాతాల ఏస్తే కవరు పట్టుకొని ఫోటో దిగుడు ఉండదు, టెండర్ ఉండదు, గందుకే ఏయరు.