కుట్టినవాళ్ల పేరు చెబితే మీ సొమ్మేం పోయింది?

ఇప్పుడే మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో గొడవ పెట్టుకుని వచ్చాను. ఎవరో బ్రిటన్ రాజవంశం పెళ్లి గౌన్ల వీడియో పెట్టారు. 1981లో డయానా వేసుకున్న 25 అడుగుల తోక గౌను, 2011లో కేట్ గౌను... ప్రతిదాని కిందా డిజైనర్ పేరు. "కుట్టినవాళ్ల పేరు ఒక్కటీ లేదేం?" అని అడిగాను. వెంటనే మా బావగారు, "కూలి ఇచ్చారు కదమ్మా, పేరు కూడా కావాలా?" అన్నారు. దానికి అందరూ లైకులు! ఒళ్లు మండిపోయింది.

కావాలండీ. ఎందుకు అక్కర్లేదు?

కేట్ గౌనుకి లేసు చేత్తో కుట్టింది రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ వాళ్లు. మరక పడకూడదని అరగంటకోసారి చేతులు కడుక్కున్నారు, మూడు గంటలకోసారి సూది మార్చారు. మనకి గుర్తున్నది మాత్రం డిజైనర్ సారా బర్టన్. ఆవిడ పనితనం గొప్పదే, కాదనను. కానీ ఆ చేతులెవరివి? 1840లో విక్టోరియా రాణి పెళ్లి లేసు కోసం ఇంగ్లండ్‌లోని డెవన్‌లో బీర్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల రెండు వందల మందికి పైగా ఆడవాళ్లు నెలల తరబడి పనిచేశారు. 1947లో ఎలిజబెత్ గౌను మీద 10 వేల ముత్యాలు. దాన్ని డిజైనర్ పేరుతో హార్ట్‌నెల్ గౌను అంటాం. అన్ని ముత్యాలూ ఆయనొక్కడే కూర్చుని కుట్టాడా?

అన్నిటికన్నా నాకు కడుపు మండేది యాన్ లో అనే ఆవిడ విషయంలో. కెనడీలు రాజులు కారు గానీ, అమెరికాలో వాళ్ల దర్జా రాజులకేం తీసిపోలేదు. 1953లో, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీతో జాక్వెలిన్ పెళ్లికి గౌను చేసింది ఈ నల్లజాతి డిజైనరే. పెళ్లి పది రోజులుందనగా షాపులోకి నీళ్లొచ్చి ఆ గౌనూ, తోడిపెళ్లికూతుళ్ల గౌన్లూ పాడైపోయాయి. పెళ్లివారికి ఒక్కమాట చెప్పకుండా, సొంత డబ్బు పెట్టి రాత్రింబవళ్లు మళ్లీ చేయించింది. లాభం మాట అటుంచి చేతి సొమ్ము వదిలింది. గౌన్లు తీసుకెళ్తే వెనక గుమ్మంలోంచి రమ్మన్నారట. ముందు గుమ్మంలోంచి రానివ్వకపోతే వీటిని పట్టుకుని వెనక్కి పోతానందట. అంత చేస్తే, పెళ్లి గురించి పేజీలు పేజీలు రాసిన పత్రికల్లో చాలావాటిలో ఆవిడ పేరే లేదు.

అయినా బావగారి నోట ఆ మాట వచ్చిందంటే నాకు ఆశ్చర్యమేం లేదు. వాళ్లమ్మాయి పెళ్లికి జాకెట్లన్నీ మగ్గం వర్క్ చేసింది మా పిన్ని. జర్దోసీ, కుందన్లు, పూసలు, అన్నీ చేత్తోనే. మెడ పట్టేసినా రాత్రిళ్లు లైటు కింద వంగి కూర్చుంది. డబ్బులిచ్చేటప్పుడు "మనలో మనకేంటి" అని సగం తగ్గించారు. పిన్ని నోరెత్తలేదు. రిసెప్షన్‌లో ఎవరో "జాకెట్టు ఎంత బాగుందో, ఎక్కడ చేయించారు?" అని అడిగితే హైదరాబాద్‌లో పెద్ద బొటీక్ అని చెప్పారు. పిన్ని నా పక్కనే ఉంది. వింది.

బావగారూ, ఆ పెళ్లి ఫొటోలు ఇంకా మీ ప్రొఫైల్‌లోనే ఉన్నాయి. కింద పిన్ని పేరు రాయండి. తగ్గించిన డబ్బు కూడా ఇచ్చేయండి.