ముద్దాయి తరఫున నాలుగు మాటలు

2023 ఆగస్టు 28న బ్రిటన్ విమానాలను కట్టిపడేసిన సాఫ్ట్‌వేర్‌ని ఇప్పటికీ తిట్టనివాడు లేడు. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇరుక్కుపోయారు కాబట్టి కోపం రావడం సహజమే. కానీ ముద్దాయి తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. ఆ వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను. ఫీజు అక్కర్లేదు.

ముద్దాయి పేరు ఎఫ్‌పీఆర్‌ఎస్‌ఏ-ఆర్. (ఇంత ముద్దుపేరు పెట్టినవాళ్లు తమ పిల్లలకేం పెట్టుకున్నారో.) తయారుచేసింది ఫ్రీక్వెంటిస్ కామ్‌సాఫ్ట్, ఈ విద్యలోనే ఆరితేరిన కంపెనీ. ఐరోపా విమానాల రాకపోకలను సమన్వయం చేసే యూరోకంట్రోల్ నుంచి వచ్చే ఫ్లైట్ ప్లాన్లు, అంటే ఏ విమానం ఏ దారిన పోతుందో రాసిన కాగితాలు తీసుకుని, వాటిలో బ్రిటన్ మీదుగా సాగే ముక్క ఏదో తేల్చి, విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ల కంప్యూటర్లకు అందించడం దీని ఉద్యోగం. 2018లో కొలువులో చేరింది. ఆ సోమవారం దాకా కోటిన్నరకు పైగా ప్లాన్లు చూసింది. కోటిన్నర కాగితాల్లో ఒక్కదాని దగ్గర తడబడిన గుమస్తా మన కలెక్టరాఫీసులో ఉంటే శాలువా కప్పి సన్మానం చేసేవాళ్లం. అక్కడ విచారణ కమిటీ వేశారు.

ఇక ఆ ఒక్క కాగితం సంగతి. లాస్ ఏంజెలెస్ నుంచి పారిస్ ఓర్లీకి వెళ్లే విమానం. దారిలో అమెరికాలోని నార్త్ డకోటాలో డెవిల్స్ లేక్ అనే పాయింటు ఉంది, పొట్టిపేరు డీవీఎల్. బ్రిటన్ దాటాక ఫ్రాన్స్‌లో దోవిల్ ఉంది. దాని పొట్టిపేరూ డీవీఎలే. రెండింటికీ మధ్య దాదాపు నాలుగు వేల నాటికల్ మైళ్లు. విమానం బ్రిటన్‌లోకి ఎక్కడ వస్తుందో ముద్దాయి సరిగ్గానే పట్టుకుంది. ఎక్కడ బయటికి పోతుందా అని వెతికితే డీవీఎల్ అని తగిలింది. ఏ డీవీఎల్? ముందు కనబడింది అమెరికాది. అంటే విమానం ఇంకా గుమ్మం తొక్కకముందే పెరటిదారిన వెళ్లిపోయిందన్నమాట.

ఇలాంటి అల్లుడిని చూసి ఏ మామగారైనా నిర్ఘాంతపోతాడు. ముద్దాయి కూడా నిర్ఘాంతపోయింది. కంట్రోలర్ చేతికి తప్పుడు సమాచారం ఇవ్వడం కన్నా నోరు మూసుకోవడం నయమనుకుని పని ఆపేసింది. నిజం చెప్పాలంటే ఈ బుద్ధి మంచిదే. ఆకాశంలో ఊహాగానాలు పనికిరావు. కాకపోతే ఆ ఒక్క కాగితాన్నీ పక్కన పెట్టి మిగతావి చూడొచ్చని దానికెవరూ చెప్పలేదు. కాగితం అర్థం కాకపోతే ఆఫీసుకే తాళం వేయమన్నారు, వేసింది. చెప్పిన మాట వినడం ఎప్పటినుంచి నేరమైంది?

తాళం వేశాక బ్యాకప్ వ్యవస్థ రంగంలోకి దిగింది. అదే సాఫ్ట్‌వేర్, అదే బుర్ర, అదే కాగితం. అది కూడా అక్కడే కళ్లు తేలేసింది. రెండూ పడిపోవడానికి పట్టింది 20 సెకన్లు. మన పెద్దలు దొందూ దొందే అన్నారు. టెండరు భాషలో దాన్ని రిడండెన్సీ అంటారు, దానికి డబ్బులు వేరే.

అప్పటికి నాలుగు గంటలకు సరిపడా సమాచారం నిల్వ ఉంది. ఆలోపు బాగుచేస్తే ప్రయాణికుడికి తెలిసేదే కాదు. అయితే అది సెలవు రోజు. దూరం నుంచి సరిచేయాల్సిన ఇంజినీరు ఇంటి దగ్గర చేతనైనవన్నీ చేసి చూశాడు. లాభం లేక బయల్దేరి కేంద్రానికి చేరేసరికి గంటన్నర. చేరాక పాస్‌వర్డ్ దగ్గర ఇంకో చిక్కు. ఆపైన అంతకన్నా పెద్ద ఇంజినీర్లు. మా ఇంట్లో బోరు మోటారు ఆగినప్పుడు అచ్చం ఇదే వరస. ముందు నాన్నగారు అరచేత్తో ఒకటి కొడతారు. తర్వాత మెయిన్ ఆపి వేస్తారు. తర్వాత డిప్లొమా చదివిన మా బావకి ఫోను. నీళ్లన్నీ అయిపోయి, స్నానాలు ఆగి, అమ్మ నోరు తెరిచాక అప్పుడు మెకానిక్‌ని పిలుస్తారు. బ్రిటన్ వాళ్లు కూడా తయారుచేసిన కంపెనీని పిలవడానికి నాలుగు గంటలకు పైగా తీసుకున్నారు. కంపెనీ వాళ్లు లోపలి లాగ్‌లు తిరగేసి ఆ కాగితం బయటికి లాగారు. ఈలోగా నిల్వ అయిపోయింది. ప్లాన్లు చేత్తో ఎక్కిస్తే గంటకు 60 దాటవు. ఆ ఒక్కరోజే 1,500కు పైగా విమానాలు రద్దు.

ముద్దాయికి అన్నలు కూడా ఉన్నారు. 2004 సెప్టెంబరులో లాస్ ఏంజెలెస్ ప్రాంతపు కేంద్రంలో కంట్రోలర్లకూ పైలట్లకూ మధ్య మాట పడిపోయింది. ఆ మాటలు కలిపే యంత్రం లోపలొక గడియారం మిల్లీసెకన్లలో తగ్గుతూ వచ్చి 49.7 రోజులకు సున్నా అయ్యేది. అందుకని నెలకోసారి ఆపి మళ్లీ వేయాల్సి వచ్చేది. ఆ నెల మొక్కు మరిచారు, దేవుడికి కోపం వచ్చింది. అక్కడా బ్యాకప్ నిలబడలేదు. అదే అమెరికాలో ఫ్లాపీలు, విమానాల వివరాలు రాసుకునే కాగితపు స్ట్రిప్పులు ఇక ఉండవని 2025 జూన్‌లో అధికారులు చట్టసభ సభ్యులకు మాటిచ్చారు. ఫ్లాపీ అంటే ఏమిటని మా వాడు అడిగాడు, వాడు ఇంజినీరింగ్ మూడో ఏడు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2025 నవంబరు 7న ఢిల్లీలో ఏఎంఎస్‌ఎస్ అనే సందేశాల వ్యవస్థ మొరాయిస్తే కంట్రోలర్లు ప్లాన్లు చేత్తో కొట్టుకుంటూ కూర్చున్నారు. 800కు పైగా విమానాలు ఆలస్యం. హైదరాబాద్, విశాఖ వెళ్లాల్సినవాళ్లు బోర్డుల కింద మెడలెత్తి నిలబడ్డారు. ఏ మాటకామాటే, ఆ రోజు ఆగకుండా పనిచేసినవి ఆ వేళ్లే. వాటికి వార్షిక నిర్వహణ ఒప్పందం కూడా లేదు.

ఈ వాదనంతా తయారుచేసుకుని మొన్న పల్లెవెలుగు బస్సులో కండక్టరుకి వినిపించాను. మా రూటులో కొత్తపల్లులు రెండు. ఆయన టిక్కెట్టు కొడుతూనే అంతా విన్నాడు.

"రెండూ ఒకటే పేరని వాళ్లకి తెలీదా సార్?"

"తెలుసు. ఇలాంటివి ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. తగ్గించాలని చూస్తున్నారు."

"మరి అడగొచ్చుగా, ఏ డీవీఎల్ అని?"

నేను జవాబు వెతుక్కునేలోపు వెనక సీటులోంచి ఒక ముసలమ్మ పది రూపాయల నోట్లు రెండు చాపి "కొత్తపల్లి ఒకటి నాయనా" అంది. ఆయన తల ఎత్తలేదు.

"చెరువుకాడిదా, చర్చి దగ్గరిదా?"

"చెరువుకాడిదే."

"అయితే ఇంకో ఐదియ్యి."