పది శాతం కోతతో తీరేది కాదు

కన్నవారిని పట్టించుకోని ప్రభుత్వ ఉద్యోగుల జీతంలో 10 నుంచి 15 శాతం మినహాయించి నేరుగా తల్లిదండ్రుల ఖాతాలో వేసేలా చట్టం తెస్తామని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌ రెడ్డి 2025 అక్టోబరులో ప్రకటించారు. గ్రూప్‌-2కు ఎంపికైనవారికి నియామక పత్రాలిచ్చిన సభ అది. అస్సాం 2017లోనే ఇలాంటి చట్టం చేసింది. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ ఆటో నడిపే కొడుకు, బట్టల షాపులో పనిచేసే కూతురు, డాలస్‌లో ఉద్యోగం చేసే పెద్దబ్బాయి ఈ కోతకు చిక్కరు. ఇంకో మాట. ఆ రోజు పత్రాలందుకున్నవారి మూలవేతనం, డీఏల నుంచి సీపీఎస్‌ (ఉద్యోగి కూడా వాటా కట్టే కొత్త పెన్షన్‌ పథకం) కింద ఎలాగూ 10 శాతం పోతుంది. అది వాళ్ల సొంత ముసలితనం కోసం. వాళ్ల తండ్రులు సర్కారు ఉద్యోగులై ఉంటే ఆ బాధ ఎరగరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి పాత పెన్షనే, దానికి జీతంలో కోత లేదు.

ఈ తేడాను పక్కనపెట్టి ‘ఇప్పటి పిల్లలకు రూపాయి విలువ తెలీదు’ అనేయడం తేలిక. పీపీఎఫ్‌ అనే ప్రభుత్వ పొదుపు ఖాతా మీద 1986 నుంచి 2000 జనవరి దాకా 12 శాతం వడ్డీ వచ్చేది. పోస్టాఫీసులో కొనే కిసాన్‌ వికాస్‌ పత్రం ఐదున్నరేళ్లలో రెట్టింపయ్యేది. పీపీఎఫ్‌ వడ్డీ 2020 ఏప్రిల్‌లో 7.1 శాతానికి దిగింది. అప్పట్లో ధరలూ మండేవి కాబట్టి ఆ 12 శాతమంతా లాభం కాదు. అయినా దాచినది పెరగడం పాస్‌బుక్‌లో కళ్లకు కనిపించేది. 2022-23లో దేశంలో కుటుంబాల నికర ఆర్థిక పొదుపు (దాచినదాంట్లోంచి అప్పులు తీసేయగా మిగిలేది) జీడీపీలో సుమారు 5 శాతానికి, దాదాపు అయిదు దశాబ్దాల కనిష్ఠానికి పడిపోయింది. కుర్రాళ్లు ఫోన్లకు, షికార్లకు తగలేశారని పెద్దలు అనుకోవచ్చు. ఇళ్ల కోసం, వాహనాల కోసం తీసుకున్న అప్పులు పెరగడమే కారణమని కేంద్ర ఆర్థికశాఖ అప్పట్లో సమర్థించుకుంది. ఫోన్‌ కూడా ఈఎంఐ మీదే కొంటున్న రోజులివి కాబట్టి, రెండు మాటల్లోనూ కొంత నిజముంది.

అసలు చిక్కు వడ్డీ రేట్లలో లేదు. మన ఇళ్లలో పెద్దల పొదుపు చాలావరకు పిల్లల మీదే పెట్టారు. కార్పొరేట్‌ కాలేజీ ఫీజుకు చీటీ పాడారు, ఇంజినీరింగ్‌ సీటుకు పొలం తాకట్టు పెట్టారు, అమెరికా వీసాకు బ్యాంకు బ్యాలెన్స్‌ చూపడానికి బంధువుల దగ్గర చేబదులు తెచ్చారు. అది ప్రేమతో ఇచ్చిందా, రేపటి భరోసాగా పెట్టిందా అన్నది ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. పదిహేనేళ్ల తర్వాత ఏదో పండగ పూట ‘నిన్ను చదివించడానికి రెండెకరాలు అమ్మాను’ అన్న మాట బయటపడుతుంది. అప్పటికి ఆ కొడుకు ఇంటి లోను వాయిదా, తన పిల్లల స్కూలు ఫీజు కట్టడానికే కిందా మీదా పడుతుంటాడు. కూతురి సంగతి మరీ విచిత్రం. కూతురి సొమ్ము తినకూడదన్న పట్టింపు చాలా ఇళ్లలో ఇంకా పోలేదు. ఆమె పంపేది పంపుతూనే ఉంటుంది, అత్తవారికి తెలియకుండా. పేరు మాత్రం కొడుక్కి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఇద్దరినీ సమానంగానే బాధ్యుల్ని చేసింది.

ఆ చట్టం కింద ఆర్డీవో నేతృత్వంలోని ట్రైబ్యునల్‌ ఇప్పించగల భరణానికి నెలకు 10,000 రూపాయలే పరిమితి. దాన్ని ఎత్తేయాలని 2019లో పార్లమెంటుకు వచ్చిన సవరణ బిల్లు చట్టం కాకుండానే పోయింది. పిల్లల్ని నిలదీసే ప్రభుత్వాలు తమ వాటా కూడా చూసుకోవాలి. 60 నుంచి 79 ఏళ్ల నిరుపేద వృద్ధులకు కేంద్రం ఇచ్చేది ఏళ్లుగా నెలకు 200 రూపాయలు. పీఎఫ్‌ ఉన్న ఉద్యోగులకు వర్తించే ఈపీఎస్‌ పథకంలో కనీస పెన్షన్‌ 2014లో నిర్ణయించిన 1,000. ఆంధ్రప్రదేశ్‌ 2024లో వృద్ధుల పెన్షన్‌ను 4,000కు పెంచింది. తెలంగాణలో 2,016ను 4,000 చేస్తామన్న 2023 ఎన్నికల హామీ రెండేళ్లు గడిచినా అమలు కాలేదు. ఉద్యోగి జీతంలో కోత గురించి మాట్లాడే ముందు ఈ బాకీ తీర్చడం మర్యాద.

పెద్దలకు మేం చెప్పగలిగేది ఒకటుంది. కొడుకు అడిగాడనో, కోడలు అలిగిందనో బతికుండగానే ఇల్లంతా రాసిచ్చేయొద్దు. ఇవ్వాల్సివస్తే, చూసుకుంటారన్న షరతును దస్తావేజులోనే రాయించాలి. 2007 చట్టంలోని 23వ సెక్షన్‌ కింద ఆస్తి వెనక్కి రావాలంటే ఆ షరతు ఉండాలని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో తీర్పులో ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అన్వయించాలని చెప్పింది. కోర్టు ఉదారత మీద ఆధారపడే పరిస్థితి రాకుండా, దాన సెటిల్‌మెంట్‌ రిజిస్టర్‌ చేసేటప్పుడే ఈ షరతు గురించి పెద్దలకు చదివి వినిపించాలని రెండు రాష్ట్రాలూ సబ్‌రిజిస్ట్రార్లను ఆదేశించవచ్చు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్‌ చాలు.