రెండు వేల వాకీటాకీతో అమెరికా: ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

"రెండు వేల వాకీటాకీ ఉంటే చాలు, అమెరికాతో ఫ్రీగా మాట్లాడొచ్చు" అనే మెసేజ్ నాకు పంపనివాళ్లు ఇంకా ఎవరైనా మిగిలారా? బావగారు పంపారు. కాలేజీ గ్రూపులో ముగ్గురు పెట్టారు. "నువ్వు ఆ రేడియో ఏదో చేస్తుంటావుగా, నిజమేనా?" అని దానికో తోక. ఆ రేడియో ఏదో అంటే హామ్ (అమెచూర్) రేడియో, లైసెన్స్ తీసుకుని సరదా కోసం నడిపే రేడియో. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం అందులో ఉన్నది ఇదీ: ఆన్‌లైన్‌లో దొరికే వాకీటాకీ కొని ఫోన్‌కు కలిపి ఎఫ్‌టీ8 (కంప్యూటర్లు రేడియో మీద చిన్న చిన్న మెసేజ్‌లు పంపుకునే పద్ధతి) యాప్ వేసుకోండి. మాట్లాడేది మీరు కాదు, కంప్యూటర్, కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు. కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే స్టేషన్ పేరు) అడిగితే మన దేశంలో వాడే వీయూ2 పక్కన మీ పేరులోంచి మూడక్షరాలు పెట్టేయండి. వాల్యూమ్, పవర్ రెండూ ఫుల్‌గా పెట్టండి. తుపానొచ్చి సెల్ టవర్లు కూలినా ఇది పనిచేస్తుంది. విదేశాల్లో ఉన్న పిల్లలతో గంటలకొద్దీ కబుర్లు చెప్పుకోవచ్చు. యాంటెనా టవర్ కూడా అవసరం లేదు.

వాకీటాకీ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఆ హ్యాండ్‌సెట్లు వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ అనే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో ఎఫ్‌ఎం పంపుతాయి. ఆ తరంగాలు ఐనోస్ఫియర్ (వాతావరణం పైపొర) దాటి పైకి పోతాయే తప్ప మామూలుగా వంగి కిందికి రావు. ఖండాలు దాటే ఎఫ్‌టీ8 ఎక్కువగా, ఆ పొర దగ్గర వంగి కిందికి వచ్చే హెచ్ఎఫ్ తరంగాల్లో నడుస్తుంది: 7.074, 14.074, 21.074, 28.074 మెగాహెర్ట్జ్, అదీ ఎస్‌ఎస్‌బీ అనే మోడ్‌లో (సిగ్నల్ పంపే తీరులో). ఈ డబ్బాలో ఆ బ్యాండ్లు లేవు, ఆ మోడ్ లేదు. కూకట్‌పల్లిలో నొక్కితే ఎల్బీనగర్‌లో వినబడితే గొప్ప.

లైసెన్స్ అక్కర్లేదన్న ముక్క దగ్గర మాత్రం నాకు నిజంగా ఒళ్లు మండింది. మిగతావి నమ్మితే రెండు వేలు పోతాయి, ఇది నమ్మితే కేసు అవుతుంది. లైసెన్స్ మన నోటికి ఇచ్చేది కాదు. గాల్లోకి సిగ్నల్ వదలడానికి ఇచ్చేది. వదిలింది నోరా, మోర్స్ కీయా (చుక్కా గీతల సంకేతాలు కొట్టే మీట), కంప్యూటరా అని చట్టం అడగదు. లైసెన్స్ కావాలన్న మాట చెప్పకుండా వాకీటాకీలు అమ్ముతున్నందుకే 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఆన్‌లైన్ అమ్మకాల సైట్లకు నోటీసులిచ్చింది.

ఇక ఆ కాల్‌సైన్ సలహా! వీయూ2 తర్వాత మీకు నచ్చిన మూడక్షరాలు పెట్టుకుంటే, అది ఇప్పటికే ఎవరో పరీక్ష రాసి, మోర్స్ నేర్చుకుని తెచ్చుకున్న కాల్‌సైన్ అయ్యే అవకాశం బాగా ఉంది. రేపు వాళ్ల పేరు మీద మీ సిగ్నల్ ప్రపంచమంతా తిరుగుతుంది. పైగా ఎఫ్‌టీ8లో సీక్యూ (ఎవరైనా ఉన్నారా అనే పిలుపు) పిలిచిన ప్రతిసారీ కాల్‌సైన్‌తో పాటు గ్రిడ్ (మీ ప్రాంతం కోడ్) కూడా వెళ్తుంది. హైదరాబాద్ అయితే ఎంకే97. విన్న స్టేషన్లు దాన్ని పీఎస్‌కే రిపోర్టర్ సైట్‌కు పంపుతాయి, కొద్ది నిమిషాల్లో మీరు మ్యాప్ మీద ఉంటారు. దొంగతనానికి వెళ్లి, ఆ గోడ మీద సొంత ఊరి పేరు రాసి వచ్చినట్టు ఉంటుంది ఈ తెలివి.

అసలు దారి అంత కష్టమేమీ కాదు. కేంద్ర టెలికాం శాఖ కింద డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే రెస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్స్‌కు మోర్స్ అక్కర్లేదు. పన్నెండేళ్లు నిండిన పిల్లలూ పరీక్ష రాయొచ్చు. కాస్త ఎలక్ట్రానిక్స్, కాస్త రూల్స్ చదివితే చాలు. ఆ గ్రేడ్‌తోనే హెచ్ఎఫ్‌లో ఎఫ్‌టీ8 చేయొచ్చు. నేర్పించేవాళ్లు కావాలంటే హైదరాబాద్‌లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచూర్ రేడియో ఉంది. లైసెన్స్ వచ్చేలోపు చేతులు దురదపెడితే వినండి: నెదర్లాండ్స్‌లోని ట్వెంటె యూనివర్సిటీ వెబ్‌ఎస్‌డీఆర్‌ను (నెట్‌లో వినే రేడియోను) బ్రౌజర్‌లో తెరిచి 14.074 పెట్టి, ఆ శబ్దాన్ని డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే ఎఫ్‌టీ8 సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే కాల్‌సైన్లు తెర మీద బారులు తీరతాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం.

వాల్యూమ్ ఫుల్, పవర్ ఫుల్: చేయకండి. ఆడియో ఎక్కువైతే సిగ్నల్ పక్కలకు చిందుతుంది, 50 హెర్ట్జ్‌లో ఉండాల్సింది బ్యాండంతా పాకి అందరితో తిట్లు తినిపిస్తుంది. ఎఫ్‌టీ8 ప్రతి 15 సెకన్ల వంతులో 12.64 సెకన్లు ఆగకుండా పంపుతుంది. ఫుల్ పవర్‌లో అలా గంటసేపు నడిపితే రేడియో ఫైనల్స్‌కు (పవర్ ఇచ్చే ట్రాన్సిస్టర్లకు) మంగళం పాడినట్టే.

తుపాను మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు కరెంటు, సెల్ సిగ్నల్ లేక జనం ఎంత అల్లాడారో ఈ మెసేజ్ రాసినవాడికి తెలిస్తే ఇంత తేలిగ్గా రాయడు. ఎఫ్‌టీ8 మెసేజ్‌లో పట్టేది కాల్‌సైన్లు, గ్రిడ్, సిగ్నల్ రిపోర్టు. సొంతంగా ఏదైనా రాయాలంటే ఒక వంతుకు 13 అక్షరాలు, ఖాళీలతో కలిపి, ఇంగ్లీషులో. విశాఖపట్నం అని ఇంగ్లీషులో రాసి లెక్కపెట్టండి. సరిగ్గా 13. ఊరి పేరు చెప్పేసరికి మెసేజ్ అయిపోయింది. ఇల్లు కూలిందా, మందులు కావాలా, పడవ కావాలా అన్నది తర్వాతి వంతుల్లో ముక్కలు ముక్కలుగా, అదీ ఎదుటి స్టేషన్‌కు అన్నీ అందితే! అంతేకాదు, కంప్యూటర్ గడియారం ఒక సెకను లోపల సరిగ్గా ఉండాలి. చాలామంది దాన్ని సరిచేసుకునేది ఇంటర్నెట్ నుంచే. నెట్ లేనప్పుడు జీపీఎస్ రిసీవర్ పెట్టుకోవాలి. మెసేజ్‌లో ఆ ఊసే లేదు.

విపత్తుల్లో హామ్‌లు పనికొచ్చారు, నిజమే. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు హామ్ ఆపరేటర్ భారతి ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. మనుషుల క్షేమ సమాచారం బయటికి చేరవేశారు. మైకు పట్టుకుని చేసిన పని అది. అప్పటికి ఎఫ్‌టీ8 పుట్టనే లేదు.

పిల్లలతో కబుర్లంటారా? ఎఫ్‌టీ8లో కబుర్లు ఉండవు. ఒకటిన్నర నిమిషంలో "విన్నాను, నువ్వూ విన్నావు, ఉంటాను" అనేసి వెళ్లిపోవడమే. ఎదుటివాడి పేరు కూడా తెలియదు. పైగా అమెరికాలో మీ అబ్బాయి 14 మెగాహెర్ట్జ్‌లో జవాబివ్వాలంటే అక్కడ కనీసం జనరల్ క్లాస్ లైసెన్స్ ఉండాలి. ఆ పరీక్ష వాడితో రాయించే బదులు, ఈ మెసేజ్ వచ్చిన యాప్‌లోనే పైన ఫోన్ బొమ్మ ఉంటుంది, నొక్కి చూడండి.

టవర్ అక్కర్లేదన్న చివరి మాట మాత్రం నిజం. టవరూ బీమ్ యాంటెనా (ఒక దిక్కుకు గురిపెట్టేది) లేనివాడు దూరాల గురించి మాట్లాడకూడదనే మా సీనియర్ల కంటే ఈ విషయంలో ఆ ఫార్వర్డే నయం. 2017లో ఎఫ్‌టీ8ను తయారుచేసిన ఇద్దరిలో ఒకరు జో టేలర్. పల్సర్లనే నక్షత్రాల మీద పనికి 1993లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న మనిషి. బలహీనమైన సిగ్నల్‌ను ఎలా పట్టాలో ఆయనకు ఒకరు చెప్పాలా? 2,500 హెర్ట్జ్ వెడల్పులో ఉన్న మొత్తం శబ్దం కంటే వంద రెట్లు తక్కువ సిగ్నల్‌ను కూడా ఇది చదివేస్తుంది. అందుకే మేడ మీద అటు 5 మీటర్లు, ఇటు 5 మీటర్లు తీగ కట్టి, 20 వాట్లు వదిలితే, బ్యాండ్ తెరుచుకున్న సాయంత్రం యూరప్, జపాన్ అందుతాయి. కరెంటు తీగలకు దూరంగా కట్టండి. సిటీలో అసలు తలనొప్పి చౌక ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, లిఫ్ట్ మోటార్లు చేసే రొద. మీ ఇంట్లో ఏ బల్బు ఆపితే ఆ రొద తగ్గుతుందో కనిపెట్టే ఉపాయం మీద ఎవరైనా ఫార్వర్డ్ రాస్తే, పది గ్రూపులకు నేనే పంపిస్తా.